బయోటెక్ చదివి గుంటూరులోనే ఉన్నారా? పరిశ్రమ పనికి మూడు నెలల్లో చేతిని సిద్ధం చేసుకోవడం ఎలా

"మాది బీఎస్సీ బయోటెక్నాలజీ అండి. డిగ్రీ అయిపోయింది. ఏ కోర్సులో చేరితే కంపెనీలో ఉద్యోగం వస్తుంది?" మే నెల వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు వారానికి నాలుగైదుసార్లు ఎదురవుతుంది. అడిగేవాళ్లలో సగం మంది విజయవాడ, గుంటూరు కాలేజీల పిల్లలు. మిగతా సగం తెనాలి, నరసరావుపేట, మంగళగిరి వైపు వాళ్లు. ప్రతిసారీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

కోర్సు తర్వాతి సంగతి. హైదరాబాద్‌లో ఒక టీకాల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల) విభాగంలో పనిచేసిన రోజుల్లో, కొత్తవాళ్లను ఎంపిక చేసేటప్పుడు నన్నూ కూర్చోబెట్టేవారు. బల్ల మీద ఒక మైక్రోపిపెట్ (కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే పరికరం), బీకరులో నీళ్లు, ఒక తెల్లకాగితం ఉంచేవాళ్లం. "250 మైక్రోలీటర్లు తీసి ఈ ట్యూబులో వేయండి. ఏం చేశారో రాయండి." అంతే పరీక్ష. జన్యు సవరణ గురించి పది నిమిషాలు ధారాళంగా మాట్లాడిన ఒక అమ్మాయి, 200 వరకే కొలిచే ఆ పిపెట్‌ను 250కి తిప్పబోయింది. చక్రం బిగుసుకుంది. ఇంకా గట్టిగా తిప్పింది. వేరే పిపెట్ అడిగి ఉంటే, లేదా 125 చొప్పున రెండుసార్లు తీసి ఉంటే సరిపోయేది. ఆమెకు తెలివి తక్కువ కాదు. మూడేళ్ల డిగ్రీలో పిపెట్ తన చేతికి వచ్చింది మూడేసార్లని బయటికి వెళ్తూ చెప్పింది. నాకు ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాతే గుంటూరు వచ్చి, సెలవు రోజుల్లో పిల్లలకు ఈ పనులు నేర్పడం మొదలుపెట్టాను.

కంపెనీలు మీలో ముందుగా వెతికేవి మూడు: నిలకడైన చెయ్యి, నమ్మదగిన నోటుపుస్తకం, తడబడని లెక్క. ఈ మూడూ ఊరు కదలకుండా, పెద్దగా డబ్బు పెట్టకుండా నేర్చుకోవచ్చు. రోజుకు రెండు గంటలు, పన్నెండు వారాలు కేటాయించండి.

కావలసినవి

- కుట్టిన బైండుతో ఉన్న పొడవాటి నోటుపుస్తకం ఒకటి. చుట్టల తీగతో ఉన్నది వద్దు, కాగితం చింపినా తెలియదు. పేజీలన్నిటికీ ముందే మీ చేత్తో అంకెలు వేయండి.
- నీలం లేదా నలుపు బాల్‌పెన్ను. పెన్సిల్, రబ్బరు, వైట్‌నర్ ఈ మూడు నెలలూ ముట్టుకోకండి.
- వంటింటి డిజిటల్ తూకం, గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటరు, పీహెచ్ కాగితం కట్ట.
- మీరు చదివిన కాలేజీ ల్యాబులో వారానికి రెండు పూటలు. దీన్ని సంపాదించే దారి నాలుగో అంకెలో చెబుతాను.
- ఇంటర్నెట్ ఉన్న ఫోను. కంప్యూటర్ ఉంటే మంచిది, లేకపోయినా ఆగిపోదు.

1. ముందు ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

"బయోటెక్ ఉద్యోగం" అనేది ఒకటి కాదు. తయారీ విభాగంలో కణాలను పెంచే పని ఒకటి, పెరిగినవాటి నుంచి మందును శుద్ధిచేసే పని ఇంకొకటి. క్వాలిటీ కంట్రోల్‌లో మైక్రోబయాలజీ వేరు, రసాయన పరీక్షలు వేరు. క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ) ఎక్కువగా కాగితాల పని. బీఎస్సీ వాళ్లు మొదట తయారీ, మైక్రోబయాలజీ క్యూసీ విభాగాల్లో ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. క్యూఏ సౌకర్యంగా ఉంటుందని చాలామంది దాన్నే కోరుకుంటారు. కానీ పని చేయకుండా పనిని తనిఖీ చేయడం కష్టం. రెండేళ్లు చేత్తో చేశాక అటు వెళ్తే మీ మాటకు విలువ ఉంటుంది.

హైదరాబాద్ ఒక్కటే దారి అనుకోకండి. షామీర్‌పేట, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలున్న మాట నిజమే. విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ ఉంది. అయితే మన చుట్టుపక్కలా పని ఉంది. గుంటూరు మిర్చి ఎగుమతి కావాలంటే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష తప్పదు. స్పైసెస్ బోర్డు పరీక్షశాల గుంటూరులోనే ఉంది, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. వడ్లమూడి, విజయవాడల్లోని పెద్ద డెయిరీలకు సూక్ష్మజీవుల పరీక్షలు రోజువారీ పని. తీరం వెంట రొయ్యల హేచరీలు పిల్లను అమ్మేముందు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో, దాని జన్యుపదార్థాన్ని రెట్టింపులు చేసి పట్టే పీసీఆర్‌తో చూస్తాయి. విత్తన సంస్థలు, అరటి టిష్యూకల్చర్ యూనిట్లు, లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. వీటిలో ఒక ఏడాది చేసిన అనుభవం టీకాల కంపెనీలోనూ చెల్లుతుంది.

హెచ్చరిక: తయారీలో రాత్రి షిఫ్టులు ఉంటాయి. గౌనింగ్ అంటే కళ్లు తప్ప ఒళ్లంతా కప్పుకుని మూడు నాలుగు గంటలు నిలబడటం. చర్మ సమస్యలు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడండి. చేరాక మానేయడం కంటే అది మేలు.

2. ఆ ఉద్యోగానికి ఏం రావాలో రాతపూర్వకంగా చూసుకోండి

లైఫ్ సైన్సెస్ సెక్టార్ స్కిల్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ అనే సంస్థ ఒక్కో ఉద్యోగానికి ఏయే నైపుణ్యాలు కావాలో పత్రాలు తయారుచేసింది. వాటిని క్వాలిఫికేషన్ ప్యాక్‌లు అంటారు. ఉచితంగా దొరుకుతాయి. మైక్రోబయాలజీ క్యూసీ కెమిస్టుకో, తయారీ ఆపరేటరుకో సంబంధించినది దించుకుని ప్రింటు తీయండి. ప్రతి వాక్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: చేశాను, చూశాను, విన్నాను. "చేశాను" అన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేంతే వస్తాయి. కంగారు పడకండి. ఆ కాగితమే ఇక మీ సిలబస్.

3. పెరుగుతో నోటుపుస్తకం నేర్చుకోండి

అందరూ కొట్టిపారేసే మెట్టు ఇదే. మిగతావన్నీ మానేసినా దీన్ని మానకండి.

పాలు తోడుపెట్టడం నిజమైన ఫెర్మెంటేషన్. తోడును పరిశ్రమలో ఇనాక్యులం అంటారు, గిన్నెను ఫెర్మెంటర్ అంటారు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యువును మార్చిన కణాలతో చేసిన) హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. అది ఈస్టు కణాలను పెంచి తీసినదే. ఎంత సూక్ష్మజీవిని, ఎంత వెచ్చదనంలో, ఎంతసేపు ఉంచితే ఏం వచ్చింది అన్న లెక్క రెండుచోట్లా ఒకటే.

పద్నాలుగు రోజులు, రోజూ అరలీటరు పాలు తోడుపెట్టండి. మొదటి రోజు అమ్మ ఎలా చేస్తుందో చూసి, దాన్ని అంకెల్లోకి మార్చి ఎస్ఓపీగా, అంటే ఎవరు చదివినా అలాగే చేయగలిగే పని క్రమంగా రాయండి. అమ్మ వేలు ముంచి "గోరువెచ్చగా ఉంది" అంటుంది. మీరు ఆ క్షణంలో థర్మామీటరు పెట్టి 42 డిగ్రీలని రాయాలి. "కాస్త తోడు" అంటుంది. తూకం మీద పెడితే 10 గ్రాములు ఉండవచ్చు. తర్వాత ప్రతి రోజుకూ ఒక బ్యాచ్ నంబరు ఇచ్చి, చేస్తున్నప్పుడే రాయండి.

ఇలా రాయకండి: "పాలు చల్లారాక తోడు వేశాను. ఉదయానికి బాగా తోడుకుంది."

ఇలా రాయండి: "బ్యాచ్ 004. రాత్రి 9:40, పాలు 500 మి.లీ., 42 డిగ్రీలు. 9:43, తోడు 10 గ్రా., బ్యాచ్ 003 నుంచి. గరిటెతో 10 సార్లు కలిపాను. గది 31 డిగ్రీలు. తెల్లవారి 5:30, గిన్నె వంచితే కదల్లేదు, నీరు విడవలేదు, పీహెచ్ కాగితం మీద 4.5." కింద సంతకం, తేదీ.

తాజా పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. తోడుకున్నాక 4.5 చుట్టుపక్కలకు దిగుతుంది. మీ కాగితం 5.5 చూపిస్తే ఇంకా పూర్తికాలేదని అర్థం.

తప్పు రాస్తే ఒకే అడ్డగీత గీయండి. కింది అంకె కనిపించాలి. పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ, కారణం రాయండి. 5ను 6గా దిద్దడం, గీతల మీద గీతలు గీసి కప్పేయడం, రాత్రి రాయాల్సింది పొద్దున గుర్తు తెచ్చుకుని రాయడం పరిశ్రమలో చిన్న తప్పులు కావు. తనిఖీకి వచ్చినవాళ్లు అలాంటి ఒక్క పేజీ చూస్తే ఆ బ్యాచ్ మొత్తాన్నీ అనుమానిస్తారు. రాయనిది జరగనట్టే అని అక్కడ రోజూ వినే మాట.

ఒకరోజు కావాలనే ప్రయోగం చెడగొట్టండి. పాలు 60 డిగ్రీలున్నప్పుడు తోడు వేయండి. పొద్దునకు సరిగ్గా తోడుకోదు. ఇప్పుడు డీవియేషన్ నోట్, అంటే దారి తప్పిన పని గురించిన వివరణ రాయాలి: ఏం జరగాలి, ఏం జరిగింది, ఎందుకు, మళ్లీ జరగకుండా ఏం చేస్తాను. "పొరపాటు జరిగింది, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను" అన్నది జవాబు కాదు. "థర్మామీటరు 45 కంటే తక్కువ చూపించేవరకు తోడు గిన్నె మూత తీయను. ఈ వాక్యాన్ని ఎస్ఓపీలో మూడో అంశంగా చేర్చాను" అన్నది జవాబు.

సరిచూసుకోవడం: పదిహేనో రోజు మీ ఎస్ఓపీని తమ్ముడికో చెల్లికో ఇచ్చి పక్కన కూర్చోండి. నోరు విప్పకూడదు. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో అక్కడ మీ రాత లోపం ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు "పాలను కాచి చల్లార్చాలి" అని రాశాడు. వాళ్ల చెల్లెలు కాచిన పాలను ఫ్రిజ్‌లో పెట్టింది. తప్పు ఆ పాపది కాదు.

4. ల్యాబు దొరికించుకోండి

"సార్, ల్యాబు వాడుకోవచ్చా?" అని అడిగితే కుదరదనే అంటారు. ఒక పేజీ ఉత్తరం రాయండి: ఏ రోజులు, ఏ గంటలు, ఏ పరికరాలు, ఎంత మీడియా (సూక్ష్మజీవులను పెంచే ఆహారం). "పగిలితే కొనిస్తాను. వెళ్లేముందు గాజుసామాను కడిగి, జూనియర్ల ప్రాక్టికల్స్‌కు మీడియా చేసిపెడతాను" అని చేర్చండి. ఈ చివరి మాటకే తలుపులు తెరుచుకోవడం చాలాసార్లు చూశాను. ల్యాబ్ అసిస్టెంటును మర్చిపోకండి. ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో సూక్ష్మజీవులను చంపే యంత్రం) ఎప్పుడు మొరాయిస్తుందో ప్రొఫెసరు కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన్ని "అన్నా" అని పిలిచి, ఒకరోజు పక్కన నిలబడి పని చూడండి.

మీ కాలేజీలో వీలుకాకపోతే నాగార్జున విశ్వవిద్యాలయం బయోటెక్నాలజీ విభాగంలో చిన్న ప్రాజెక్టుకు అవకాశం ఉందేమో అడగండి. విజయవాడ, గుంటూరు మధ్య రోడ్డు మీదే కాబట్టి రెండువైపుల నుంచీ బస్సులో వెళ్లి రావచ్చు. అదీ కుదరకపోతే దగ్గరి డెయిరీ ల్యాబులో నెలరోజులు జీతం లేకుండా చేస్తానని అడగండి. నెలకు మించి ఉచితంగా చేయకండి. మీ శ్రమకు కూడా విలువ ఉంది.

5. పిపెట్

మొదటి వారం నీళ్లతోనే. పట్టుకునే ముందు పైన రాసి ఉన్న పరిధి చదవండి. 100 నుంచి 1000 ఉన్నదాన్ని 50కి గానీ 1100కి గానీ తిప్పకండి.

అంకె పెట్టేటప్పుడు పైనుంచి కిందికి వచ్చి ఆగండి. టిప్పును గట్టిగా బిగించండి. మీట మొదటి ఆగే చోటు వరకు నొక్కి, టిప్పును ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లే ముంచండి. నిలువుగా పట్టుకోండి. వేలిని నెమ్మదిగా వదలండి. ఒక్క సెకను ఆగి బయటికి తీయండి. వేసేటప్పుడు ట్యూబు గోడకు ఆనించి మొదటి చోటు వరకు, ఆపైన రెండో చోటు వరకు నొక్కండి. మొదటిసారి తీసింది వెనక్కి వదిలేసి రెండోసారి తీసింది లెక్కలోకి తీసుకోండి. టిప్పు లోపల తడిస్తే కొలత నిలకడగా వస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పులు నాలుగు చూస్తాను. మీటను తటాలున వదిలితే బుడగ లోపలికి వెళ్తుంది, ద్రవం పిపెట్ గొంతు వరకు ఎగురుతుంది. తీసేటప్పుడే రెండో చోటు వరకు నొక్కితే కొలత పెరుగుతుంది. టిప్పులో ద్రవం ఉండగా పిపెట్‌ను బల్ల మీద పడుకోబెడితే లోపలి పిస్టన్ తుప్పు పడుతుంది. పని అయ్యాక అంకెను గరిష్ఠానికి తిప్పకుండా వదిలేస్తే స్ప్రింగు అలసిపోతుంది.

సరిచూసుకోవడం: కాలేజీలో అనలిటికల్ బ్యాలెన్స్ (మిల్లీగ్రాముల తేడా కూడా చూపించే తూకం) ఉంటే ఇంతకంటే మంచి గురువు లేదు. నీటిని గంటసేపు గదిలో ఉంచండి. 1000 మైక్రోలీటర్లు తీసి తూచండి. పదిసార్లు. 20 డిగ్రీల దగ్గర ఇది సుమారు 998 మిల్లీగ్రాములు ఉంటుంది. ఏసీ లేని మన ల్యాబుల్లో 30 డిగ్రీల దగ్గర సుమారు 996. 1000 మైక్రోలీటర్ల పిపెట్‌కు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా 8 మైక్రోలీటర్లు. అంటే 30 డిగ్రీల్లో మీ సగటు 988, 1004 మధ్య ఉండాలి. సగటు సరిగా ఉండి అంకెలు చెల్లాచెదురుగా ఉంటే లోపం మీ చేతిది. అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉండి సగటు పక్కకు జరిగితే పిపెట్‌ను అనుమానించవచ్చు. పదింటిలో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ తేడా 10 మిల్లీగ్రాముల లోపు వచ్చేవరకు రోజూ చేయండి. నా దగ్గరివాళ్లకు సాధారణంగా ఆరేడు పూటలు పడుతుంది. వేసవిలో ఫ్యాన్ ఆపి తూచండి, గాలికి తూకం ఊగుతుంది, నీరూ ఆవిరవుతుంది.

6. ప్లేట్లు, శుభ్రత

ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, 15 నుంచి 20 నిమిషాలు. సమయం లెక్కపెట్టాల్సింది స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, 121 చేరినప్పటి నుంచి. లోపలి గాలి పూర్తిగా పోకముందే కవాటం మూసేస్తే ముల్లు 15 చూపిస్తుంది కానీ లోపల వేడి అంత ఉండదు. అందుకే ముల్లును మాత్రమే నమ్మకండి. సామాను మీద అంటించే ఆటోక్లేవ్ టేపు మీద నల్లగీతలు వచ్చాయంటే అది వేడి చూసిందని అర్థం, లోపలిది స్టెరైల్ (ఒక్క సూక్ష్మజీవీ లేనిది) అయిందని కాదు. అంటించిన టేపు చూపించి "స్టెరైల్ అండి" అన్నవాళ్లను ఇంటర్వ్యూలో తప్పకుండా ఇంకో ప్రశ్న అడిగేవాళ్లం.

లామినార్ ఎయిర్ ఫ్లోను (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల) పనికి పావుగంట ముందే ఆన్ చేయండి. 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. 95 శాతం ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు, చేయదు. సూక్ష్మజీవి లోపలికి చొరబడాలంటే నీరూ కావాలి. యూవీ దీపం వెలుగుతుండగా చేతులు పెట్టకండి. మూత తీసిన ప్లేటు (సూక్ష్మజీవులను పెంచే మీడియా పళ్లెం) మీదుగా చెయ్యి పోనివ్వకండి. ఫోను బయట పెట్టండి.

ఇంకో మాట, ఇది భద్రతకు సంబంధించినది. లామినార్ ఎయిర్ ఫ్లో గాలి మీ వైపు వీస్తుంది. అది ప్లేటును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. మిమ్మల్ని కూడా కాపాడేది బయోసేఫ్టీ క్యాబినెట్. కాబట్టి గొంతులోంచి, పుండులోంచి తీసిన నమూనాలు పెంచకండి. మజ్జిగ, కుళాయి నీరు చాలు. పెరిగిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేయకుండా చెత్తబుట్టలో వేయకండి. ఇంట్లో మాత్రం ప్లేట్లు పెంచకండి, వంటింటి కుక్కర్‌లో మీడియా వండకండి.

అభ్యాసం ఇది: మజ్జిగను పది రెట్ల చొప్పున పలుచన చేస్తూ వెళ్లండి. 1 మి.లీ.ను 9 మి.లీ.లో కలపాలి, 10 మి.లీ.లో కాదు. ప్రతి మెట్టుకూ కొత్త టిప్పు వాడండి. ఒక్కో పలుచన నుంచి రెండేసి ప్లేట్లు వేయండి. అదనంగా ఏమీ వేయని ప్లేటు ఒకటి, బల్ల మీద పని జరుగుతున్నంతసేపూ మూత తీసి ఉంచిన ప్లేటు ఒకటి పెట్టండి.

సరిచూసుకోవడం: ఏమీ వేయని ప్లేటు మీద ఒక్క కాలనీ (సూక్ష్మజీవులు పెరిగిన చుక్క) వచ్చినా ఆ రోజు ఫలితాలన్నీ చెల్లవు. బాధగా ఉన్నా అలాగే రాయండి. జంట ప్లేట్లలో ఒకటి 90, ఇంకొకటి 200 చూపిస్తే మీ కలపడం సరిగా లేదు. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లనే లెక్కించండి.

7. లెక్కలు

కాలిక్యులేటర్ లేకుండా రోజూ ఐదు చేయండి. మొదటిరోజుకు ఇవి:

అ) 0.9 శాతం ఉప్పు ద్రావణం 500 మి.లీ.కి ఉప్పు ఎంత? 4.5 గ్రాములు.
ఆ) 95 శాతం ఆల్కహాల్ నుంచి 70 శాతం 500 మి.లీ. కావాలి. 368 మి.లీ. తీసుకుని, నీటితో 500 వరకు నింపాలి. "500 వరకు" అన్నది ముఖ్యం, "500 కలపాలి" కాదు.
ఇ) 0.5 మోలార్ సోడియం క్లోరైడ్ 250 మి.లీ.? అణుభారం 58.44. జవాబు 7.3 గ్రాములు.
ఈ) లక్ష రెట్లు పలుచన చేసిన దానిలోంచి 0.1 మి.లీ. వేస్తే 86 కాలనీలు వచ్చాయి. అసలు మి.లీ.కి ఎన్ని? 86ను 10తో, తర్వాత లక్షతో హెచ్చించండి: 8 కోట్ల 60 లక్షలు. ఆ పదితో హెచ్చించడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.
ఉ) 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే 1000 కణాలు రెండు గంటల్లో ఎన్ని? ఆరు రెట్టింపులు, 64,000.

మీ జవాబు సబబుగా ఉందా అని చివర ఒక్కసారి ఆలోచించండి. అరలీటరు నీటిలో 450 గ్రాముల ఉప్పు వచ్చిందంటే దశాంశ బిందువు ఎక్కడో జారింది.

8. నియమాల భాష

దీనికి ఒక వారం చాలు. మందుల తయారీకి మన దేశంలో మూల నియమాలు డ్రగ్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం లో ఉన్నాయి. 2023 డిసెంబరులో దాన్ని సవరించారు, కాబట్టి పాత గైడ్లు కాకుండా సవరించిన పాఠమే చదవండి. మొత్తం కాకపోయినా సిబ్బంది, శిక్షణ, పత్రాలు, పారిశుద్ధ్యం గురించిన భాగాలు తప్పనిసరి. డీవియేషన్, చేంజ్ కంట్రోల్, క్యాలిబ్రేషన్, వ్యాలిడేషన్ అనే మాటలకు పెరుగు నోటుపుస్తకం నుంచి ఒక్కో ఉదాహరణ చెప్పగలిగితే మీకు అవి వచ్చినట్టే. నిర్వచనం బట్టీపట్టి చెప్పేవాళ్లు రోజుకు ఇరవైమంది కనిపిస్తారు. "మా ఇంటి థర్మామీటరును కరుగుతున్న మంచుముక్కల్లో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో చూశాను" అని చెప్పేవాళ్లు అరుదు.

9. డబ్బు కట్టే కోర్సు కంటే ముందు ప్రయత్నించాల్సినవి

అప్రెంటిస్‌షిప్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. అది తప్పు. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచి ఉంది. డిగ్రీ అయినవాళ్ల కోసం కేంద్రం నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీం నడుపుతోంది. పోర్టల్‌లో నమోదు చేసుకుంటే కంపెనీల ఖాళీలు కనిపిస్తాయి, శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ మార్కుల జాబితాలోనూ ఒకేలా ఉన్నాయా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాలుగా ఉండి దరఖాస్తులు ఆగిపోవడం మన దగ్గర మామూలే. దాన్ని మొదటి వారంలోనే సరిచేయించండి.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బీసీఐఎల్ (బయోటెక్ కన్సార్షియం ఇండియా లిమిటెడ్) ద్వారా పారిశ్రామిక శిక్షణ కార్యక్రమం నడుపుతూ వచ్చింది. ఎంపికైనవాళ్లను ఆరు నెలలు కంపెనీలో ఉంచి, స్టైపెండ్ ఇచ్చి నేర్పుతారు. ఈ ఏడాది ప్రకటన ఉందేమో వాళ్ల సైటులోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చే లింకు నొక్కకండి. సిద్ధాంతం గట్టిపరుచుకోవడానికి ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

10. అయినా శిక్షణ సంస్థలో చేరాలనుకుంటే

పనిదినాన, క్లాసు జరుగుతుండగా వెళ్లి చూడండి. ఒక బ్యాచ్‌లో ఎంతమంది, పిపెట్లు ఎన్ని? ఆటోక్లేవ్ లాగ్‌బుక్ చూపించమనండి. నిన్నటి తేదీతో నమోదు లేకపోతే అక్కడ ల్యాబు నడవడం లేదు. "నూటికి నూరు శాతం ఉద్యోగం" అంటే ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. ఫీజు విడతలుగా కట్టండి, రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు నా దగ్గరికి వచ్చిన ఒక కౌలురైతు కొడుకు అప్పుచేసి నలభై వేలు కట్టి ఒకచోట చేరాడు. రెండు నెలలు పీసీఆర్‌ను తెర మీద చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. అతను పీసీఆర్ ట్యూబును నా దగ్గరే మొదటిసారి ముట్టుకున్నాడు. ఉద్యోగం ఇప్పిస్తామని కంపెనీ పేరుతో డబ్బు అడిగేవాళ్లను అసలు నమ్మకండి. నిజమైన కంపెనీ ఏదీ మీ దగ్గర డిపాజిట్ అడగదు.

11. రెజ్యూమె, ఇంటర్వ్యూ

ఒక్క పేజీ. "పీసీఆర్, ఎలీసా, హెచ్‌పీఎల్‌సీ, వెస్టర్న్ బ్లాట్ తెలుసు" అన్న వరుస తీసేయండి. రెండో మెట్టులోని కాగితం ముందేసుకుని, చేసినవి ఒక వరుసలో, చూసినవి ఇంకో వరుసలో రాయండి. "1000 మైక్రోలీటర్ల పిపెట్‌తో పది తూకాల సగటు 995 మి.గ్రా., తేడా 8" అని రాస్తే అడిగేవాళ్లు తల ఎత్తి చూస్తారు. నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. చెడిపోయిన బ్యాచ్ పేజీ దగ్గర గుర్తుపెట్టుకుని, అదే చూపించండి.

తెలియని ప్రశ్నకు "తెలియదు, కానీ ఫలానా విధంగా కనుక్కుంటాను" అనండి. ఇంగ్లిషులో తడబడితే సాఫీగా తెలుగులో చెప్పవచ్చా అని అడగండి. షాప్‌ఫ్లోర్‌లో సగం మాటలు తెలుగే. రాయడం మాత్రం ఇంగ్లిషులో రావాలి, ఎందుకంటే అక్కడి రికార్డులన్నీ అందులోనే ఉంటాయి. పెరుగు రికార్డును రెండో వారం నుంచి ఇంగ్లిషులోకి మార్చండి.

తుర్కపల్లిలో ఉదయం తొమ్మిదికి ఇంటర్వ్యూ అంటే విజయవాడ నుంచి ఆ తెల్లవారుజామున బయలుదేరకండి. ముందు రోజు రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగండి. అక్కడి జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి షామీర్‌పేట వైపు వెళ్లాలి. నగరం దాటాక దూరం మీరనుకున్నదానికంటే ఎక్కువే.

పన్నెండో వారం చివర ఈ నాలుగూ ఉన్నాయా చూసుకోండి: పద్నాలుగు బ్యాచ్‌ల రికార్డు ఒక్క కప్పిపుచ్చిన అంకె లేకుండా, పది తూకాల పట్టిక ప్రమాణం లోపల, ఏమీ పెరగని ఖాళీ ప్లేటుతో వరుసగా మూడు ప్రయోగాలు, పది నిమిషాల్లో ఐదు లెక్కలు. మూడే ఉంటే దరఖాస్తులు పంపుతూనే నాలుగోదాన్ని సాధించండి. రెండే ఉంటే ఇంకో నెల తీసుకోండి.

12. చేరిన మొదటి వారం

శిక్షణ పేరుతో ఇరవై ముప్పై ఎస్ఓపీలు బల్ల మీద పెట్టి, "చదివాను, అర్థమైంది" అన్న గడిలో సంతకం చేయమంటారు. సాయంత్రంలోగా పూర్తిచేయాలని తొందరపెట్టేవాళ్లూ ఉంటారు. చదవనిదాని కింద సంతకం పెట్టకండి. "సార్, ఈ నాలుగు ఈరోజు పూర్తిచేశాను, మిగతావి రేపు చదివి పెడతాను" అని మర్యాదగా చెప్పండి. చదివాక అర్థంకాని మెట్టు ఉంటే, ఆ పనిని సీనియర్ చేస్తుండగా ఒకసారి చూస్తానని, తర్వాత వాళ్ల ఎదుట నేను చేస్తానని అడగండి. ఆ రెండూ అయ్యాక, ఆ రోజు తేదీతోనే సంతకం పెట్టండి.